అడుగు చూసే అలవాటు

కుండ చేతికొస్తే నేను చేసే మొదటి పని దాన్ని తలకిందులు చేయడం. లోపల నీళ్లున్నాయా, పూలున్నాయా అని కూడా చూసుకోను. ఒకసారి బంధువులింట్లో ఇలాగే తిప్పేసి టీపాయ్ మీది పేపర్లన్నీ తడిపాను. రంగు, మెడ వంపు, వేలికి తగిలే నునుపు అన్నీ తర్వాతి సంగతి. అడుగున ముద్ర ఉందా, ఉంటే ఎవరిది, పక్కన అంకె ఎంత, అంచు పెచ్చు లేచిందా, గ్లేజు కింద సన్నటి పగులేమైనా పాకిందా? ఇవన్నీ తేలాక నిలబెట్టి చూస్తాను. బాగుందనిపించడం ముందా, అడుగు చూడటం ముందా అని నన్నెవరూ అడగలేదు. ఈ మధ్య నేనే అడుక్కుంటున్నాను.

నేను సేకరించేవి పాత అమెరికన్ ఆర్ట్ పాటరీ. 1880 నుంచి 1950ల దాకా ఎక్కువగా ఓహయో రాష్ట్రంలోనూ, కొద్దిగా బోస్టన్, న్యూ ఆర్లియన్స్ వైపూ తయారైన పూలకూజాలు, గిన్నెలు, జాడీలు. కొండాపూర్‌లో మా ఫ్లాట్ హాల్లో, కిటికీలోంచి ఎప్పుడూ రెండు మూడు క్రేన్లు కనిపించే చోట, అద్దాల బీరువాలో ఉంటాయి. ఇంటికొచ్చినవాళ్లు ముందు చైనావనుకుంటారు, తర్వాత మన దేశపు ఖుర్జా కుండలనుకుంటారు. అమెరికావంటే, ‘అమెరికాలో కూడా కుమ్మరివాళ్లుంటారా’ అని నవ్వుతారు. ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ఎంతకు కొన్నావు? మూడోది, ఇప్పుడెంత? హైటెక్ సిటీ చుట్టుపక్కల, మధ్యలో కొన్నేళ్లు తప్ప, పాతికేళ్లుగా ఉంటున్నదాన్ని, ఈ రెండు ప్రశ్నలకు నొచ్చుకునే నాజూకుతనం నాకు లేదు. పైగా అవి వాళ్లడక్కపోతే నేనే జవాబు చెప్తాను.

ఈ పిచ్చి అంటింది కొలంబస్‌లో. ఆన్‌సైట్ ఉద్యోగం పేరుతో ఓహయో చేరినవాళ్లం చాలామందిమి. శనివారం పొద్దున్నే గరాజ్ సేల్స్‌కి వెళ్లడం అప్పటి తెలుగు కుటుంబాల్లో దాదాపు వ్రతం. పిల్లల సైకిళ్లకోసం, డైనింగ్ టేబుళ్లకోసం వెళ్లేవాళ్లం. ఒకచోట ఓ ముసలావిడ మట్టిరంగు పూలకూజాను నా చేతికిచ్చి, అడుగు తిప్పి చూపించింది. ఉబ్బెత్తు అక్షరాల్లో రోజ్‌విల్ అని ఉంది. ‘ఇది ఇక్కడిదేనమ్మా, జేన్స్‌విల్‌ది’ అంది. కొలంబస్ నుంచి తూర్పుగా గంట ప్రయాణం. మరుసటి వారం జేన్స్‌విల్ వెళ్లాం.

ఒకప్పుడు అదో కుమ్మరి మహానగరం. చుట్టూ మంచి బంకమన్ను, బట్టీలకు సహజవాయువు, సరుకు పంపడానికి మస్కింగమ్ నదీ, రైలు మార్గాలూ. శామ్యూల్ వెల్లర్ 1872లో పక్క ఊరు ఫుల్టన్‌హామ్‌లో పూలకుండీలు చేసుకుంటూ మొదలుపెట్టి, జేన్స్‌విల్ వచ్చి పెద్ద ఫ్యాక్టరీ కట్టాడు. రోజ్‌విల్ కంపెనీ 1890లో రోజ్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టి 1898లో ఇక్కడికే మారింది. వెల్లర్ 1948లో మూతపడింది, రోజ్‌విల్ 1954లో. యుద్ధం తర్వాత జపాన్ నుంచి చవక సరుకు, ఇంటింటికీ ప్లాస్టిక్కు వచ్చాయి. నేను చూసేనాటికి ఊళ్లో మిగిలినవి యాంటిక్ దుకాణాలు, ఓ మ్యూజియం, ‘వై’ అక్షరంలా చీలిన వంతెన. సైబర్ టవర్స్‌లో కూర్చుని పనిచేసి వచ్చిన మాకు ఆ ఊరు చూస్తే లోలోపల కొంచెం గుబులే పుట్టింది. అయితే ఆ గుబులు కన్నా వేలం కేటలాగులే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి.

వాటిలో రుక్‌వుడ్ గురించి చెప్పాలి. ఈ కథంతటిలో నాకు నిజంగా ఇష్టమైనది అదే అనుకునేదాన్ని. 1880లో సిన్సినాటిలో మరియా లాంగ్‌వర్త్ నికల్స్ అనే ఆవిడ పెట్టింది. డబ్బున్న ఇంటి బిడ్డ. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జపాన్ పింగాణీ చూసి మనసు పారేసుకుంది. 1887లో కటారో షిరయమదాని అనే జపాన్ చిత్రకారుణ్ణి పనిలో పెట్టుకున్నారు. మధ్యలో కొన్నేళ్లు స్వదేశం వెళ్లొచ్చినా, ఆయన 1948లో చనిపోయేదాకా అక్కడే కూజాల మీద బొమ్మలేశాడు. 1889లో పారిస్‌లో బంగారు పతకం వచ్చాక ప్రపంచానికి రుక్‌వుడ్ అంటే తెలిసింది.

ఇక దాని అడుగు. 1886లో వాళ్లొక ముద్ర పెట్టుకున్నారు. వెనక్కి తిరిగిన ఆర్, దాని వీపుకి అతుక్కున్న పి. మరుసటేడు దాని నెత్తిన ఒక మంట గీత చేర్చారు. ఆ పై ఏడు ఇంకొకటి. అలా ఏటా ఒక్కో మంట పెంచుకుంటూ పోతే 1900 నాటికి ముద్ర చుట్టూ పద్నాలుగు మంటలు చేరాయి. ఇక చోటు లేక 1901 నుంచి కింద రోమన్ అంకె వేయడం మొదలెట్టారు. దాని పక్కనే ఆకారం నంబరు, మట్టిరకానికి ఓ అక్షరం, బొమ్మ గీసినవాళ్ల పొడి అక్షరాలు. భూతద్దం పెట్టి మంటలు లెక్కపెడితే ఏ సంవత్సరమో, అక్షరాలు చదివితే ఎవరి చెయ్యో తెలిసిపోతుంది. నూరేళ్లు దాటిన కూజా తన పుట్టుపూర్వోత్తరాలన్నీ అరచేతి వెడల్పులో దాచుకుని ఉంటుంది. నా దగ్గరున్న ఏకైక మంచి రుక్‌వుడ్ మీద మంటలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో చెప్పలేను. దాని మీద వేసిన పువ్వేమిటని మా అమ్మాయి ఒకసారి అడిగితే మాత్రం మళ్లీ బీరువా తీసి చూడాల్సి వచ్చింది.

ఆ రోజు ‘సరే, ఏదో పువ్వు’ అనేసి తలుపు మూశాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ సంగతే గుర్తొచ్చింది. నెలల తరబడి జీతంలో మిగిల్చి కొన్న వస్తువు. మంటలు పదమూడని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పువ్వు పేరు అటుంచండి, రంగు కూడా గుర్తుకు రాలేదు.

రోజ్‌విల్‌ది ఇంకో రకం కథ. మొదట్లో వాళ్లూ చేత్తో బొమ్మలు గీయించారు. తర్వాత అచ్చులకు మారారు. ఫ్రాంక్ ఫెరెల్ అనే డిజైనర్ దశాబ్దాల పాటు వరసగా కొత్త కొత్త నమూనాలు ఇస్తూ పోయాడు. 1935లో వచ్చిన పైన్ కోన్ అందులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది. ఒకే అచ్చు, ఒకే రంగుల పట్టిక, వరసగా కూర్చుని పూసే పనివాళ్లు. మా సర్వీసు కంపెనీల్లో టెంప్లేట్ పెట్టి పని పంచడం తెలిసినవాళ్లకి ఇదేమీ వింత కాదు. అలాంటి సరుకుని ‘ఆర్ట్’ అనొచ్చా అని అమెరికాలోనే వాదించుకునేవారున్నారు. 1972లో ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ జడ్సన్ క్లార్క్ నాటి అమెరికా హస్తకళల మీద ఒక ప్రదర్శన పెట్టాకే ఈ పాతసామాన్ల వైపు మ్యూజియంలు, ధనవంతులు గట్టిగా తిరిగారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ధరల పుస్తకాలు వచ్చాయి. ఫలానా నమూనా, ఫలానా ఎత్తు, ఫలానా రంగు, ఇంత డాలర్లు. నీలం ఎక్కువ, గోధుమరంగు తక్కువ.

ఆ ధరల పుస్తకం నా దగ్గర అట్ట ఊడిపోయేదాకా నలిగింది. ఇది ఒప్పుకోవాలి. నీలం పైన్ కోన్ నాకెంతో అందంగా కనిపించేది. గోధుమరంగుది చూస్తే కాస్త మురికిగా అనిపించేది. నిజానికి పైన్ కాయ గోధుమరంగులోనే ఉంటుంది, ఆ రంగులోనే అది సహజంగా ఉంటుంది. నా కంటికి నీలం నచ్చడం, పుస్తకంలో నీలానికి ఎక్కువ రాసుండటం, ఈ రెండిట్లో ఏది ముందు జరిగిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

తర్వాత ధరలు పడ్డాయి. ఒక్కరోజులో కాదు. ఈబే 1995లో మొదలైంది. అంతకుముందు ఊళ్లోని దుకాణంలో ఒకే ఒక్క రోజ్‌విల్ మాగ్నోలియా నమూనా కూజా ఉంటే అదే దేశంలో ఆఖరిది అన్నట్టు కొనేవాళ్లు. అందరి అటకల మీదివీ ఒకేచోట కనిపించేసరికి అలాంటివి ఎన్ని ఉన్నాయో తెలిసిపోయింది. దానికి తోడు 1990ల చివర్లో చైనాలో పోసిన నకిలీ రోజ్‌విల్ దిగింది. ఉబ్బెత్తు అక్షరాల ముద్రున్న అసలుదాని అడుగున రోజ్‌విల్ పేరు కింద యు.ఎస్.ఎ. అని కూడా ఉంటుంది. నకిలీల్లో చాలావాటికి అది ఉండదు. కొత్తగా చేరేవాళ్లు భయపడి వెనక్కి తగ్గారు. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బ సరేసరి. అప్పటికే సేకరించినవాళ్లు ముసలివాళ్లై చిన్న ఇళ్లకు మారుతుంటే, వాళ్ల పిల్లలకు అద్దాల బీరువాలే వద్దు. బోస్టన్ గ్రూబీ పచ్చ కూజాలు, న్యూ ఆర్లియన్స్‌లో న్యూకమ్ కాలేజీ అమ్మాయిలు గీసినవి, జార్జ్ ఓర్ అనే కుమ్మరి మెలితిప్పిన పల్చటి పాత్రలు, షిరయమదాని గీసిన రుక్‌వుడ్‌లు నిలబడ్డాయి, కొన్ని పెరిగాయి కూడా. పడింది మధ్యతరగతి సరుకు. అంటే నాది.

నేను రెండు వందల డాలర్లు పోసిన మాగ్నోలియా ఇప్పుడు యాభైకి కూడా ఎవరూ ముట్టుకోరు. డాలర్ నలభై ఐదు ఉన్నప్పుడు కొన్నదాన్ని ఎనభై దాటాక లెక్కేసుకున్నా నష్టమే. దీనిమీద నాకు దిగులు కలగలేదని రాస్తే అబద్ధం. అయితే ఆ దిగులు డబ్బు గురించేనా అంటే, పూర్తిగా కాదు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదన్న దిగులది.

మా అక్క భర్త కోకాపేటలో ప్లాట్లు అమ్మిస్తుంటాడు. దసరాకి వచ్చినప్పుడల్లా బీరువా ముందు నిలబడి, ‘ఏమ్మా, నీ కుండలు ఇప్పుడెంత పోతున్నయ్?’ అంటాడు.

‘పడిపోయినయ్ బావా.’

‘చెప్పలేదా నేను? ఆ పైసలు అప్పుడే కోకాపేటల పెట్టి ఉంటే...’

ఈ వాక్యం సైబరాబాద్‌లో ఉండే ప్రతి ఇంటికీ పరిచయమే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల హెచ్ఎండీఏ వేలంలో ఎకరం 100.75 కోట్లకు పోయిన వారమంతా ఆయన ఫోన్ పెట్టలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను. నాకూ ఆయనకూ తేడా చాలా తక్కువ. ఆయన ఆ నేల మీద ఏ రాళ్లున్నాయో, ఏ చెట్టుందో చూడడు, సర్వే నంబరు అడుగుతాడు. నేను కూజా తిప్పి అడుగు చూస్తాను. నా దానికి ‘అభిరుచి’ అని పేరు పెట్టుకున్నాను, అంతే. ఆయన ఏ పేరూ పెట్టుకోలేదు. ఆ లెక్కన ఇద్దరిలో ఆయనే నిజాయితీపరుడు.

వస్తువు విలువ వస్తువులో ఉండదని చెప్పే కథలు ఈ రంగంలో బోలెడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒక కూజా కథ. అమెరికాలో యాంటిక్స్ రోడ్‌షో అనే టీవీ కార్యక్రమముంది. ఇంట్లోని పాతవస్తువు పట్టుకెళితే నిపుణులు విలువ కడతారు. 2016లో ప్రసారమైన ఒక భాగంలో ఒకాయన, తాను మూడొందల డాలర్లకు కొన్న వికారపు మొహాల కూజా తీసుకొచ్చాడు. నిపుణుడు మురిసిపోయి, పంతొమ్మిదో శతాబ్దం చివరిదో ఇరవయ్యో శతాబ్దం మొదటిదో అని, ముప్ఫై నుంచి యాభై వేల డాలర్లన్నాడు. కార్యక్రమం ప్రసారమయ్యాక తేలింది, అది 1970లలో ఓరెగన్‌లో ఒక హైస్కూలు అమ్మాయి క్లాసులో చేసిన కూజా అని. విలువ మూడు నుంచి ఐదు వేలకు సవరించారు. కూజా అదే. మొహాలూ అవే. నిపుణుడు ఆ మట్టిలో చూసిన గొప్పతనమంతా నిన్నటిదాకా అందులోనే ఉంది మరి. నేనైతే ఆ పిల్ల పనితనానికి దండం పెడతాను. హైస్కూల్లో చేసిన పనికి మూడు వేల డాలర్లు పలకడం తక్కువ సంగతేం కాదు.

దీనికి తలకిందులైనది చిత్రకారుడు ఆండీ వార్హోల్ బిస్కెట్ జాడీల కథ. ఆయన పోయాక 1988లో సదబీస్ వేలంలో 175 జాడీలు రెండున్నర లక్షల డాలర్ల దగ్గరికి వెళ్లాయి. మామూలుగా సంతల్లో దొరికే సరుకే. అక్కడ అడుగున ఉన్న ముద్ర కన్నా ఎవరి ఇంట్లో ఉన్నాయన్నదే ఖరీదైంది.

ఇవన్నీ తెలిసి, నవ్వుకుని, అందరికీ చెప్పి మరీ నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దగ్గరగా చూపించాలి.

కొలంబస్‌లో ఒక చర్చి సంతలో ఓ చిన్న కుదిమట్టపు కుండ కొన్నాను. నాలుగు డాలర్లో ఐదో. పచ్చా నీలం కలిసిన మచ్చల గ్లేజు, మెరుపు లేదు. రెండు పక్కలా చిన్న చెవులు. తిప్పి చూస్తే అడుగున ముద్ర లేదు. ఎర్ర క్రేయాన్‌తో ఎవరో గీసిన అంకె మాత్రం ఉంది. ముద్ర లేదు కాబట్టి అది నా సేకరణలోకి రాలేదు. వంటగదిలోకి వెళ్లింది. గరిటెలు, చపాతీ కర్ర, అట్లకాడ అన్నీ అందులోనే. హైదరాబాద్‌కి కూడా అలాగే వచ్చింది. బీరువాలోవాటిని నేత చీరల్లో చుట్టి క్యాబిన్ బ్యాగులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దీన్ని మాత్రం గిన్నెల మధ్య కుక్కి కంటైనర్‌లో పడేశాను. ఏళ్ల తరబడి నూనె జిడ్డు పట్టినప్పుడల్లా పీచుతో తోమేవాళ్లం. పొద్దున్నే దోశ వేస్తూ చెయ్యి దానిమీదికే వెళ్లేది. చెయ్యి పెట్టగానే చల్లగా తగిలేది. దాని ఎడమ చెవి కొంచెం పైకి, కుడి చెవి కొంచెం కిందికి ఉంటుంది. ఇది నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. వంటగదిలో ఉన్న వస్తువు కాబట్టి తెలిసింది.

ఒకరోజు పాత పుస్తకం తిరగేస్తుంటే అందులో అదే కుండ. రోజ్‌విల్, ఎర్లమ్ నమూనా, 1930. ఆ రోజుల్లో చాలా నమూనాలకు ముద్ర వేయకుండా కాగితం చీటీ అంటించేవాళ్లు. చీటీ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఎర్ర క్రేయాన్ అంకె ఫ్యాక్టరీవాళ్లే వేసే ఆకారం నంబరు. పరుగెత్తి తిప్పి చూస్తే క్రేయాన్ సగం చెరిగిపోయింది. మేం తోమి తోమి చెరిపిందే.

ఆ సాయంత్రం గరిటెలన్నీ ఒక స్టీలు డబ్బాలోకి మారాయి. ఎర్లమ్ బీరువాలోకి వెళ్లింది. మావారు ఏమైందని అడిగారు. విషయం చెప్తే, ‘ఇంతకాలం మరి?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఇప్పుడు ఆ కుండని వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడుస్తాను. పొద్దున్న దాన్ని ముట్టుకునే పని లేదు. మళ్లీ వంటగదిలో పెట్టొచ్చు కదా అని మీకనిపిస్తే, నాకూ అనిపించింది. పెట్టలేదు. అడుగున ఏముందో తెలిశాక గరిటెలు వేయడానికి చెయ్యి రాలేదు.

ఇది కుండల దగ్గర ఆగే జబ్బయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆఫీసులో ఇంటర్వ్యూలు చేయడం నా పనిలో ఒక భాగం. ఒక దశలో మా హెచ్.ఆర్.వాళ్లు రెజ్యూమెల్లోంచి కాలేజీ పేరు, ఊరు తీసేసి పంపడం మొదలుపెట్టారు. ఆలోచన మంచిదేనని మీటింగులో అందరికంటే ముందు తల ఊపింది నేనే. మొదటి రెజ్యూమె తెరిచాక ఏం చూడాలో తోచలేదు. చేసిన ప్రాజెక్టులు రాసి ఉన్నాయి, కోడ్ లింకు కూడా ఉంది. నా కళ్లు మాత్రం ఎక్కడైనా ఎంసెట్ ర్యాంకు రాశాడేమో, ఇంటర్ ఏ కార్పొరేట్ కాలేజీలో చదివాడో, ఇంటిపేరు ఏమిటో వెతుకుతున్నాయి. ఇరవై ఏళ్లు మనుషుల్ని ఎంచిన నేను నిజానికి వాళ్ల అడుగున ముద్రలు చదవడం నేర్చుకున్నానా? అన్నిసార్లూ అలా జరగలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కొన్నిసార్లు జరిగిందని కూడా తెలుసు. పెళ్లిచూపుల మాట చెప్పక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కొత్తవాళ్లు ఎక్కితే మొహం కన్నా ముందు మెడలో వేలాడే ఐడీ కార్డు తాడు రంగు చూస్తాం. ఏ కంపెనీ తాడు ఏ రంగో పిల్లలకు కూడా తెలుసు.

హైదరాబాద్‌లో సేకరణ అన్నాక సాలార్‌జంగ్ మాట రాకుండా ఉండదు. ఆయన్ని నాకు అండగా తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజాం దగ్గర దివానై, రెండేళ్లకు పదవి వదిలేసి, 1949లో పోయేదాకా కొంటూనే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. నేరుగా వారసులు లేరు. దివాన్ దేవిడీలోనూ ఇతర భవనాల్లోనూ చెల్లాచెదురుగా పడున్నవాటిని మ్యూజియంగా సర్దాలన్న ఆలోచన అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడిది. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ని పిలిపించారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న చోటికి మారింది. అక్కడి పింగాణీ గదుల్లో నేను ఎక్కువసేపు గడుపుతాను. పాలపచ్చ సెలడాన్ పళ్లేలున్నాయి. విషం కలిపిన అన్నం పెడితే రంగు మారతాయని నవాబులు నమ్మేవాళ్లట. అద్దాల వెనక ఉంటాయి కాబట్టి వాటి అడుగు చూసే వీల్లేదు. గంట గడిచేసరికి నాకు విసుగొస్తుంది. ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ ముందు జనం నిలబడి ‘ఎన్ని కోట్లుంటుంది’ అంటుంటే నాకు నవ్వొస్తుంది. నాకు నవ్వే హక్కు లేదు.

హైదరాబాద్‌లోనే ఇంకో రకం సేకర్తల కథా ఉంది. జగదీశ్ మిత్తల్ శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చుకున్నవారు. ఆయనా కమలా మిత్తల్ గారూ దక్కన్ చిత్రాలు, బిద్రీ, బట్టలు ఏరుకొచ్చి, 1976లో ట్రస్టు పెట్టి అన్నీ దానికి ఇచ్చేశారు. ఆయనది గీయడం తెలిసిన కన్ను. నాది ఆడిట్ చేసే కన్ను. సాధన చేస్తే ఇది అదవుతుందేమో తెలీదు. నాకు యాభై దాటాయి.

శిల్పారామం మా ఇంటికి దగ్గరే. కుమ్మరి చక్రం తిప్పే చోట ఆగుతాను. ఒకసారి నల్లగా కాల్చిన ఓ ముంత నచ్చింది. మూడొందలన్నాడు, రెండొందలకు బేరమాడాను. అప్పటికి నా ఫోన్‌లో ఒక వేలం నడుస్తోంది, నూట ముప్ఫై డాలర్ల పాట నాది. ఇక్కడ సిగ్గుపడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. పడలేదు. ఆ ముంత అడుగున ఏమీ లేదు, అందుకే మూడొందలు ఎక్కువనిపించింది. ఆ చేసినాయన పేరు అడగాలని కూడా తోచలేదు.

మా ఊరు సిద్దిపేట దగ్గర. పెళ్లంటే కుమ్మరింటికి బాజాలతో వెళ్లి ఐరేని కుండలు తెస్తారు. సున్నం తెలుపు మీద జాజు ఎరుపుతో గీతలు, చుక్కలు, తీగలు. నలుగురు నాలుగు కొసలు పట్టుకున్న బట్ట నీడలో అవి నడిచొస్తుంటే ఆడవాళ్లు పాటలు పాడతారు. మా అక్క పెళ్లివి నాకు గుర్తు. వాటిలో ఒకటి చాలాకాలం మా అమ్మ చింతపండు దాచుకోవడానికి వాడింది. రంగు పెచ్చులూడిపోయింది. ఎప్పుడు పగిలిందో ఎవరికీ తెలీదు. జేన్స్‌విల్‌లో అచ్చులో పోసి వేలల్లో అమ్మిన కూజాకు పుస్తకం ఉంది, నంబరుంది, పుట్టిన సంవత్సరముంది, దాన్ని డిజైన్ చేసినవాడి పేరుంది. మా అక్క పెళ్లికి ఒకదానికొకటి పోలిక లేకుండా చేత్తో గీసిన కుండలకు గీసినామె పేరు కూడా లేదు. మార్కెట్టు కళను కొంటుందని పెద్దలు చెప్తారు. నా అనుభవంలో అది కొనేది రికార్డునే. రికార్డు లేనిదాన్ని అది చూడదు, దాని దగ్గర చూపు నేర్చుకున్న నేనూ చూడలేదు.

ఈ ఏడు ఊరెళ్లినప్పుడు ఆ కుమ్మరింటివాళ్లను అడిగాను. ఐరేని కుండల మీద గీసింది ఆ ఇంటి పెద్ద కోడలట. ఆవిడ లేదు. పేరు చెప్పారు, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అలా రాసుకోవడం కూడా అడుగున ముద్ర వేయడమే కదా అని నన్ను నేనే దెప్పుకున్నాను. అయినా రాసుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

బీరువాలోవి అమ్మను. అమ్మినా వచ్చేదేమీ లేదు. మీలో ఎవరైనా ఓహయోలో ఉండి, రోజ్‌విల్ కనిపించి కొనాలనిపిస్తే, అడుగున ఉబ్బెత్తు ముద్ర ఉంటే దాని కింద యు.ఎస్.ఎ. ఉందో లేదో చూసుకోండి, పెట్టుబడి అనుకుని మాత్రం కొనకండి. ఇక్కడున్నవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో అమ్మమ్మ ఆవకాయ పెట్టిన జాడీనో, పెళ్లినాటి కుండో, పాత కూజానో ఇంకా మిగిలి ఉంటే, అది ఎవరు చేశారు, ఎక్కడ కొన్నారు, ఎవరి చేతి మీదుగా మీ దగ్గరికి వచ్చిందో తెలిసినవాళ్లు బతికుండగానే అడిగి, ఒక చీటీ మీద రాసి అందులో వేయండి. తేదీ మర్చిపోకండి.